అవ్వ దగ్గిందా?

జనవరి 6

పెద్దవ్వను తీసేస్తారట.

మమత మేడం పొద్దున జీపు దిగుతూనే చెప్పింది. మా సబ్‌స్టేషన్‌లో ఉన్న ఐదు ఆయిల్ బ్రేకర్లలోంచి నూనె తొట్లు పీకేసి, అవే ఇనుప పెట్టెల్లో వాక్యూమ్ బ్రేకర్లు కూర్చోబెడతారట. పెట్టె పాతదే, లోపలి సామాను కొత్తది. జనగామలో పని అయిపోయింది, ఇప్పుడు మా మానుకోట వంతు, తర్వాత భూపాలపల్లి. "నూనె మార్చే పని లేదు, మంటల భయం లేదు. నీకెంత సుఖమో చూడు హరిలాలన్నా" అంది. ఏఈగా వచ్చి ఏడాది కాలేదు, నాకు సుఖం సంగతి చెబుతోంది.

పెద్దవ్వ తండాల ఫీడరుకు, అంటే తండాలకు కరెంటు పోయే లైనుకు, బ్రేకర్. ఐదింటిలోనూ పాతది. నేను ఆపరేటరుగా చేరేనాటికే దాని పెట్టె మీద దసరా బొట్లు పొరలు పొరలుగా పేరుకుని ఉన్నాయి. బటన్ నొక్కితే లోపల పుట్టిన మెరుపును నూనె మింగేస్తుంది, దబ్బేల్ మంటుంది, నేల అదురుతుంది. ఆ అదురు నా చెప్పుల్లోంచి మోకాళ్ళ దాకా వస్తుంది. దానికి దగ్గు అని పేరు పెట్టింది నేనే. లైన్‌మెన్లు స్తంభం ఎక్కే ముందు ఫోన్ చేసి లైన్ ఆపమంటారు, ఆ వెంటనే అడిగే మాట ఒకటే: "అవ్వ దగ్గిందా?" నేను ఫోన్‌ను పెట్టె దగ్గర పెట్టి బటన్ నొక్కుతాను. దగ్గు తమ చెవులతో విన్నాకే స్తంభం మీద చెయ్యి వేస్తారు. ఎర్త్ రాడ్డు తగిలించాలి, పరీక్ష చేయాలి అని రూల్సులో ఉంది. అవీ చేస్తారు. కానీ ముందు దగ్గు వినాలి. దగ్గని అవ్వను నమ్మి వైరు ముట్టుకునేంత పిచ్చివాడు ఈ డివిజన్‌లో లేడు.

డ్యూటీకి బయల్దేరుతుంటే రామి గుమ్మంలో నిలబడి వక్క నములుతోంది. ఈ మధ్య మా ఆవిడ చాలా శాంతంగా మారింది. వెనకటిలా ప్రతిదానికీ నోరు చేసుకోవడం లేదు. వయసుతో వచ్చిన తెలివి.

జనవరి 9

భూపాలపల్లి నుంచి సంగీత ఫోన్ చేసింది. ఈ ఫోన్ల కంపెనీలవాళ్ళు శబ్దం తగ్గించి అమ్ముతున్నారు. "ఆ బిడ్డా, మంచిదే బిడ్డా, గట్లనే కానియ్యి" అన్నాను. చాలా సంతోషపడింది. తండ్రితో మాట్లాడితే ఆడపిల్లకు అంత ధైర్యం.

జనవరి 11

మిర్చి బస్తాలు తెచ్చే డీసీఎం వ్యాను మా ఇంటి ముందు ఆగి రెండు మేకలను దించి వెళ్ళింది. అల్లుడికి చెల్పూర్ ప్లాంటు దగ్గర క్వార్టర్ వచ్చిందట. అక్కడ మేకలను కట్టనివ్వరట. నేనే పంపమన్నానట. నేనెందుకు పంపమంటాను? అయినా బిడ్డ మాట కాదనలేక ఊరుకున్నాను.

రామి మా లంబాడీ భాషలో ఏదో అంది. తెలుగులో రాస్తే దాని పస పోతుంది. నిజానికి సగమే అర్థమైంది, మిగతా సగం నోట్లోనే నమిలింది.

జనవరి 20

కంపెనీ నుంచి శశిధర్ అనే టెక్నీషియన్ దిగాడు. కుర్రవాడు, చేతులు చురుకు, నోరు అంతకన్నా చురుకు. కానీ మాట స్పష్టత లేదు, పెదాలు కదలకుండా మాట్లాడతాడు. ఈ కాలం పిల్లలంతా అంతే.

మొదట మార్కెట్ ఫీడరు పెట్టె విప్పారు. నూనె నల్లగా, కాఫీ కషాయంలా కారింది. మా బామ్మర్ది రెడ్యా, లైన్‌మన్, పని వదిలేసి సీసా పట్టుకుని వచ్చాడు. మోకాళ్ళ నొప్పులకు పూసుకుంటాడట.

"గది పూసుకుంటే తోలు ఊడుతది" అని మేడం సీసా లాక్కుంది.

"మా నాయిన జిందగీ మొత్తం పూసుకున్నడు మేడం."

"మరి నొప్పులు పోయినయా?"

"నొప్పులతోనే పోయిండు."

మధ్యాహ్నానికి కొత్త బ్రేకర్ తన చక్రాల బండితో సహా పెట్టె లోపలికి జరిగింది. మూడు తెల్లని సీసాలు, వాటిలో గాలి కూడా లేదట. మెరుపు పుడితే తినడానికి ఏమీ దొరక్క అక్కడికక్కడే చస్తుందట. శశిధర్ బటన్ నొక్కాడు. వాచ్‌మన్ ఉలిక్కిపడ్డాడు. మేడం "అబ్బ" అంది. రెడ్యా చెవి మూసుకున్నాడు.

నాకు ఏమీ కాలేదు. శబ్దం లేదు, అదురు లేదు. కొత్త వస్తువు అనేసరికి అందరూ ఎలా నటిస్తారో!

జనవరి 21

టీవీ వార్తలవాళ్ళు కూడా గుసగుసలు మొదలుపెట్టారు. వాల్యూమ్ చివరి గీత దాకా పెట్టాను. పక్కింటివాళ్ళు గోడ మీదుగా చేతులు ఊపుతున్నారు. మంచి మనుషులు.

జనవరి 23

పెద్దవ్వ పోయింది.

ముందే కొబ్బరికాయ కొట్టాను. శశిధర్ నవ్వాడు. నవ్వనీ, వాడు ఏ అవ్వ చేతి ముద్ద తిన్నాడో ఏమో. నూనె తొట్టి బయటికి లాగుతుంటే నాకు నిజంగా ఏడుపు వచ్చింది. ఎన్ని పిడుగులు, ఎన్ని గాలివానలు దగ్గి దగ్గి ఆపిందో. ఎంతమంది దాని దగ్గు విని ధైర్యంగా స్తంభం ఎక్కి, మళ్ళీ దిగి ఇంటికి పోయారో.

తీసేసిన ఐదు తొట్లూ జనగామ స్టోరుకు పోతాయట. లారీ ఎక్కిస్తూ రెడ్యా ఒక మాట అన్నాడు. "బావా, కండ్లు చెవులు సక్కగ లేని ఆపరేటర్లను సుత గాడికే పంపుతరంట. తుక్కుకు కావలి." నాకెందుకు చెప్పాడో ఆ మాట. నా కళ్ళు బాగున్నాయి. చెవులు ఇంకా బాగున్నాయి. ఇంకా రెండేళ్ళ సర్వీసు ఉంది. ప్యానెల్ ముందు కుర్చీలోంచి లేచి, దండ వేయించుకుని పోతాను గానీ తుక్కు మధ్యలోంచి పోను.

రెడ్యా గొంతు మాత్రం నాకెప్పుడూ బాగా వినబడుతుంది. లైన్‌మెన్లది అరిచి మాట్లాడే అలవాటు.

జనవరి 25

మేడంకు నోటితోనే చెప్పాను. కొత్త బ్రేకర్లు మూగవి, లైన్‌మెన్ల భద్రత దృష్ట్యా ఒక్కొక్కదానికి ఒక గంట కట్టించాలి అని.

మేడం గేటు వైపు చెయ్యి చూపించింది. "టాక్‌మని వస్తది గదన్నా చప్పుడు. నాకు బయట జీపు కాడికి వినవడతది."

"మీరు చిన్నవాళ్ళు మేడం. వినవడ్డట్టు అనిపిస్తది" అన్నాను.

జనవరి 28

మేకలు మంచి జాతివి. అస్సలు అరవవు.

రామి ఇవాళ కూడా గుమ్మంలో వక్క నములుతూ నిలబడింది. చెయ్యి ఊపి వచ్చేశాను.

ఫిబ్రవరి 3

జరిగింది జరిగినట్టు రాసుకుంటాను. రేపు ఎవరైనా వేరేలా చెబితే నాకైనా నిజం తెలిసి ఉండాలి.

భోజనాల వేళ. శశిధర్ బయట చెట్టు కింద డబ్బా విప్పుకున్నాడు. ప్యానెల్ గదిలో నేనొక్కణ్ణే. రెడ్యా ఫోన్.

"బావా, తండా లైన్ల ఇన్సులేటర్ పలిగింది. లైన్ బంద్ చెయ్యి. అవ్వ దగ్గిందా?"

అవ్వ లేదు కదరా అని కూడా అనలేదు. అలవాటుగా ఫోన్ పెట్టె దగ్గర పెట్టి బటన్ నొక్కాను. ఏమీ లేదు. నేల కదల్లేదు. లైన్ ఆగిందని చెప్పే పచ్చ దీపం వెలిగింది. దీపాన్ని ఎవడు నమ్ముతాడు? పోయిన వానాకాలం నీళ్ళ ట్యాంకు ఫీడరు పచ్చ దీపం నెలరోజులు ఉత్తినే వెలిగింది. మళ్ళీ నొక్కాను. ఏమీ లేదు.

అప్పుడు నాకు అనుమానం పుట్టింది. ఈ శశిధర్ మాటలు చెబుతూ ఒకదాని వైర్లు ఇంకోదానికి బిగించాడేమో? నేను తండా బటన్ నొక్కితే మార్కెట్ ఆగిందేమో? రెడ్యా స్తంభం కింద ఉన్నాడు. రామికి ఒక్కగానొక్క తమ్ముడు. రాఖీ రోజు సాయంత్రం దాకా వాడి దారి చూసే మనిషి ఆమె. వాడికేమన్నా అయితే నేను ఏ ముఖంతో ఆ గుమ్మం తొక్కాలి?

మార్కెట్ బటన్ నొక్కాను. చప్పుడు లేదు. టౌన్ నొక్కాను. చప్పుడు లేదు. నీళ్ళ ట్యాంకు, బావుల మోటార్లు. ఐదు పచ్చ దీపాలు వెలిగాయి, ఒక్కటీ దగ్గలేదు. ఇక లాభం లేదని మెయిన్ కొట్టేశాను.

నెత్తి మీద ఫ్యాను ఆగింది. అప్పుడు నమ్మాను.

"ఎక్కు రెడ్యా" అన్నాను. చెమట తుడుచుకుని కుర్చీలో కూర్చున్నాను. చాలా హాయిగా అనిపించింది. వాడు పని చేసుకుంటున్నాడు, ఏ ఒక్క వైరులోనూ కరెంటు లేదు.

మానుకోట సగం ఆగిపోయింది. మిర్చి మార్కెట్‌లో కాంటాలు ఆగాయి, సరిగ్గా ధర దగ్గర గొడవ పడుతున్న వేళ. అడ్తిదారు ఆపించాడని రైతులు, రైతులు ఆపించారని అడ్తిదారు కలబడ్డారు. ఒక పెళ్ళిలో తాళి కట్టేటప్పుడు మైకు ఆగి, పంతులు గొంతు ఎవరికీ వినబడక అక్షింతలు ముందే వేసేశారట. ఫోన్లు మోగుతూనే ఉన్నాయట. శశిధర్ బయట నుంచి తలుపు కొట్టాడట. నేను నా కుర్చీలో కూర్చుని నా పని నేను చేశానని సంతోషిస్తున్నాను.

మేడం జీపులో వచ్చింది. ఎందుకు ఆపావని అడిగింది. నోరు పెద్దగా తెరిచి అడిగింది కాబట్టి అర్థమైంది.

"తండాది దగ్గలేదు మేడం. ఎంత నొక్కినా చప్పుడు రాలే."

అందరూ ప్యానెల్ గదిలోకి వచ్చారు. రెడ్యా పని ముగించుకుని బండి మీద వచ్చాడు. శశిధర్ తండా బ్రేకర్ వేసి, మళ్ళీ ఆపాడు. వాచ్‌మన్ ఉలిక్కిపడ్డాడు. మేడం రెప్ప కొట్టింది. వీళ్ళ నటన మామూలేనని నేను గోడ వైపు చూశాను.

గోడ మీద బల్లి ఉంది. ట్యూబ్‌లైటు పక్కన ఎప్పుడూ ఉండేదే. శశిధర్ ఇంకోసారి నొక్కాడు. బల్లి ఎగిరిపడి ట్యూబ్‌లైటు వెనక దూరింది.

మనుషులు నటిస్తారు. బల్లి ఎందుకు నటిస్తుంది?

ఫిబ్రవరి 4

మెమో ఇచ్చింది మేడం. కాగితం చేతిలో పెట్టి, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"గిది ఇయ్యక తప్పది. ఇగ ఏఈ లెక్క కాదు, బిడ్డ లెక్క చెప్తున్న. చెవి చూపించుకో అన్నా. మిషన్ పెట్టుకుని బ్రేకర్ చప్పుడు విన్నవంటే నీ కుర్చీ నీదే. వినకుంటే జనగామకు రాయాల్సి వస్తది. నువ్వు నిన్న అన్నీ బంద్ చేసినవ్, సరే. రేపు ఒకటి బంద్ చెయ్యకుంటే?"

మెమో మడిచి జేబులో పెట్టుకున్నాను.

బయట రెడ్యా నా భుజం పట్టుకున్నాడు. "బావా, మొదటి టాక్ నాకు ఫోన్ల మంచిగ వినవడ్డది. ఎక్కబోతుంటే ఇంకోటి వినవడ్డది, ఇంకోటి, ఇంకోటి. ఏమైతుందోనని పరేషాన్ అయ్యి కిందనే నిలవడ్డ."

"మరి నాకెందుకు చెప్పలే?"

"ఒర్రిన బావా! ఒర్రి ఒర్రి గొంతు పోయింది."

ఇంటికి వచ్చి రామితో అన్నాను, నాకు చెవుడు అంటున్నారని. ఆమె నా ఎదుట వచ్చి నిలబడి, రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టి అరిచింది. "నేను చెప్పవట్టి ఎన్నేండ్లాయె!"

"ఎప్పుడు చెప్పినవ్?"

"దినాం!"

ఫిబ్రవరి 5

గులిమి అయి ఉంటుంది.

ఫిబ్రవరి 6

గులిమి కాదు.

ఫిబ్రవరి 8

దవాఖానలో యమున అనే అమ్మాయి నన్ను చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకు డిప్పలు తగిలించి, చేతికి ఒక బటన్ ఇచ్చింది. చప్పుడు వినబడినప్పుడల్లా నొక్కాలట. బటన్లు నాకు కొత్తా? ముప్ఫై ఏళ్ళ సర్వీసంతా బటన్లే. అద్దంలోంచి ఆమె ముఖం చూస్తూ, ఎక్కడా తొందరపడకుండా, ఒక లెక్క ప్రకారం నొక్కుతూ పోయాను. నూటికి నూరు వస్తాయనుకున్నాను.

ఆమె తలుపు తీసి లోపలికి వచ్చింది. "మంచిగ నొక్కుతున్నవ్ పెద్దనాయినా. నేను ఇంకా మిషన్ చాలూ చెయ్యలే."

రెండోసారి నిజంగా విన్నప్పుడే నొక్కాను. చాలా తక్కువ నొక్కాను. మధ్యలో చాలాసేపు ఊరికే కూర్చున్నాను. ఆ ఊరికే కూర్చున్న సమయంలో ఆమె ఎన్ని చప్పుళ్ళు పంపిందో అనుకుంటే భయం వేసింది. లావు శబ్దాలు ఒంటికి తగులుతాయట, సన్నవి చెవికి చేరవట. పెద్దవ్వ దగ్గు నేను చెవులతో వినలేదన్నమాట. కాళ్ళతో విన్నాను.

ఫిబ్రవరి 12

మేడం నన్ను పగలు షిఫ్టులో ఉంచి, బటన్ల దగ్గర శశిధర్‌ను నిలబెట్టింది. నేను పక్కన స్టూలు మీద. నా చెవి మిషన్ వరంగల్ నుంచి రావాలట.

జనగామ స్టోరు కలలోకి వచ్చింది. పెద్దవ్వ తొట్టి పక్కన నేను. ఇద్దరి మీదా తుప్పు.

ఫిబ్రవరి 17

యమున మిషన్లు రెండు చెవుల్లో పెట్టి స్విచ్ వేసింది. ప్రపంచం మొత్తం ఒకేసారి మీద పడింది. కుర్చీ కిర్రుమంది. కాగితం గరగరలాడింది. పక్క వార్డులో ఎవరో ముక్కు చీదారు. నా చెప్పులు కూడా చప్పుడు చేస్తాయి! ఇన్నాళ్ళు పిల్లిలా నడుస్తున్నాననుకున్నాను.

నేరుగా సబ్‌స్టేషన్‌కు పోయాను. గేటు దగ్గర వాచ్‌మన్ "నమస్తే సార్" అన్నాడు. రోజూ అంటున్నాడట. వీడికి పొగరని నేను వీడితో మాట్లాడటం మానేసి ఎంత కాలమైందో.

మేడం నన్ను గోడ వైపు తిప్పి కూర్చోబెట్టింది. బ్రేకర్ పడినప్పుడల్లా చెయ్యెత్తాలి. ట్రాన్స్‌ఫార్మర్ గుయ్యిమంటోంది. అది అలా అంటుందని మరిచేపోయాను. బయట కాకి. మేడం గాజులు. శశిధర్ ఊపిరి. ఇన్నిటి మధ్య బ్రేకర్ చప్పుడు ఏదో ఎలా తెలుస్తుంది? దేవుడా, అవ్వా, ఒక్కసారి దగ్గవే అని మొక్కుకున్నాను.

టాక్.

చెయ్యెత్తాను. వెంటనే కాదు. ముందు బల్లి వైపు చూశాను. అది పరుగు తీసింది. అప్పుడు ఎత్తాను.

మేడం ఇంకా చాలాసార్లు నొక్కించింది. బల్లి ఆ గది వదిలేసి పోయింది. ఆ తర్వాత దాని సాక్ష్యం లేకుండానే ఎత్తాను. ఒక్కటీ తప్పలేదు. మేడం మెమో వెనక్కి తీసుకోలేదు గానీ నా కుర్చీని తన చేతులతో ప్యానెల్ ముందుకు జరిపింది.

సాయంత్రం కాకముందే రెడ్యా ఫోన్ చేశాడు. పని ఏమీ లేదు, ఉత్తినే పరీక్షకు చేశాడని నాకు తెలుసు.

"బావా, అవ్వ దగ్గిందా?"

"అవ్వ దగ్గలే రెడ్యా. చిటికేసింది."

"ఎన్ని చిటికెలు?"

"ఒక్కటే. ఒర్రకు, చెవులు పలుగుతున్నయి."

ఇంటికి వస్తే మేకలు రెండూ గొంతు చించుకుని అరుస్తున్నాయి. ఒకదాని మెడలో గంట ఉంది. ఆ గంట మోగుతుంది కూడా. రామి పొయ్యి దగ్గర కూర్చుని నన్ను, మేకలను, నన్ను కన్నవాళ్ళను వరసగా తిడుతోంది. శాంతమూ లేదు, తెలివీ రాలేదు. వెనకటి మనిషి వెనకటిలాగే ఉంది. నేను తలుపు పక్కన నిలబడి మొత్తం విన్నాను.

ఫిబ్రవరి 18

పొద్దున డ్యూటీకి బయల్దేరాను. రామి ఎప్పటిలాగే గుమ్మంలో నిలబడింది. దవడ కదిలింది. నేను ఎప్పటిలాగే చెయ్యి ఎత్తబోయాను.

"జర పైలం. వైర్లకు దూరముండు. జల్ది రా."

ఎత్తబోయిన చెయ్యి దించాను.

"ఏమంటివి?"

"ఏమంట? దినాం అనేదే అంటున్న."

"దినాం వక్క నములుతవు గద!"

"వక్కనా?" నోరు తెరిచి చూపించింది. రెండు వైపులా దవడ పళ్ళు లేవు. "పండ్లు ఊడి ఎన్నాళ్ళాయె. వక్క దేనితో నమలాలె?"

నేను చూడలేదు. ఒకే ఇంట్లో ఉండి, ఒకే పళ్ళెం ముందు కూర్చుని చూడలేదు. ప్రతిరోజూ ఆమె జాగ్రత్త అని పంపింది, నేను ఒక్కరోజూ బదులు పలకలేదు. బదులు పలకని మనిషికి ఇన్నాళ్ళు ఒకే మాట ఎలా చెప్పగలిగిందో నాకు తెలియదు. నేనైతే ఎప్పుడో మానేసేవాణ్ణి.

"పైలంగనే పోతున్న" అన్నాను.

బదులు వచ్చేసరికి ఏం చేయాలో తోచక ఆమె చెంగు సర్దుకుని లోపలికి పోయింది. బస్సు దాకా నడిచాను. బస్సు వచ్చింది కూడా. ఎక్కకుండా వెనక్కి వచ్చి, మళ్ళీ ఒకసారి అనమని అడిగాను. తిట్టింది. ఒక్క ముక్క పోకుండా వినబడింది.